గోల్‌కీపర్ మీదికి ఎవరైనా వస్తే జట్టు ఏం చేయాలి?

2011 నవంబరు 12న అమెరికాలోని బోస్టన్ నగరంలో బోస్టన్ బ్రూయిన్స్‌కీ బఫలో సేబర్స్‌కీ ఐస్ హాకీ మ్యాచ్ జరిగింది. పక్ (ఈ ఆటలో బంతికి బదులు వాడే రబ్బరు బిళ్ల) మంచు మీద జారుకుంటూ బఫలో వైపు వస్తోంది. దాన్ని ముందే కొట్టేద్దామని ఆ జట్టు గోల్‌కీపర్ రయాన్ మిల్లర్ గోల్ వదిలి బాగా ముందుకొచ్చాడు, కొట్టేశాడు కూడా. ఎదురుగా నిండు వేగంతో వస్తున్న బోస్టన్ ఆటగాడు మిలాన్ లూచిచ్ తప్పుకోలేదు. వచ్చినవాడు వచ్చినట్టే గుద్దేశాడు. రెఫరీ లూచిచ్‌ను 2 నిమిషాలు బయట కూర్చోబెట్టి సరిపెట్టాడు. తర్వాత ఈ జట్లు ఆడే నేషనల్ హాకీ లీగ్ (ఎన్‌హెచ్‌ఎల్) విచారణ జరిపి, సస్పెండ్ చేయనక్కర్లేదని తేల్చింది. మిల్లర్ తలకు దెబ్బ తగిలి కొన్ని వారాలు ఆటకు దూరమయ్యాడు.

ఆ మ్యాచ్ తర్వాత లూచిచ్ ఎన్ని తిట్లు తిన్నాడో, మిల్లర్ సహచరులూ అన్ని తిన్నారు. కీపర్ నేల మీద పడి ఉంటే, పడేసినవాణ్ని అక్కడికక్కడే ఎవరూ పట్టుకోలేదన్నది వాళ్ల మీద అభియోగం. అభిమానులేం ఖర్మ, ఆ జట్టు కోచ్ లిండీ రఫ్ కూడా తన ఆటగాళ్లు స్పందించిన తీరు బాగాలేదన్నాడు.

నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో ఐస్ హాకీ ఆడే చోటు లేదు. ఇక్కడ ఐస్ అంటే జువ్వలదిన్నె, కొత్తపట్నం తీరాల్లో చేపల పెట్టెల్లోకి వెళ్లే ఐసే. అయినా ఆ అభియోగం ఇక్కడివాళ్లకు కొత్తేమీ కాదు. సంక్రాంతి కబడ్డీ పోటీల్లోనో, హైస్కూలు గ్రౌండులో జరిగే హాకీ, ఫుట్‌బాల్ మ్యాచ్‌ల్లోనో ఒకడు దెబ్బతిని పడిపోతే గీత బయటి నుంచి వచ్చే మొదటి కేక అదే: “మనోణ్ణి కొడితే చూస్తా నిలబడ్డారేందిరా!” పైగా ఇప్పుడు ఫోన్‌లో రెండు నిమిషాలు వేలు కదిపితే చాలు, ఐస్ హాకీ ఆటగాళ్లు గ్లవ్స్ విసిరేసి కొట్టుకునే వీడియోలు పిల్లల కళ్ల ముందుకు వస్తున్నాయి. కొట్లాట కనిపిస్తుంది. ఆ కొట్లాటకు వెనకున్న నిబంధనలు, లెక్కలు మాత్రం వీడియోలో రావు. వాటిని తెలుసుకోకుండా పద్నాలుగేళ్ల పిల్లవాడు చేతిలో హాకీ స్టిక్‌తో అదే పని చేస్తే జరిగే నష్టం వేరు.

ముందు ఎదుటి వాదన వినాలి. అందులో బలం ఉంది.

ఐస్ హాకీ గోల్‌కీపర్ 6 అడుగుల వెడల్పు, 4 అడుగుల ఎత్తున్న గోల్ ముందు నిలబడతాడు. 170 గ్రాముల గట్టి రబ్బరు పక్ గంటకు 150 కిలోమీటర్లు దాటిన వేగంతో కూడా వస్తుంది. దాని మీది నుంచి అతను చూపు తిప్పకూడదు. చూపు తిప్పకూడదు కాబట్టే పక్కనుంచి ఎవరు వచ్చి మీద పడతారో అతనికి తెలియదు. కాళ్లకు కట్టుకున్న పెద్ద ప్యాడ్లతో చటుక్కున తప్పుకోనూ లేడు. ఇక రెఫరీ కంట పడని చిల్లర పనులు ఉండనే ఉంటాయి. పక్‌ను గ్లవ్ కింద అదిమిపెట్టి విజిల్ కోసం చూస్తున్న కీపర్ చేతిని స్టిక్‌తో పొడవడం, గోల్ ముందు ఉన్నట్టుండి ఆగి అతని మొహం మీదికి మంచు పొడి చిమ్మడం, అటుగా పోతూ మోకాలు తగిలించడం. దేనికీ పెద్ద శిక్ష పడదు. మొదటిసారి ఎవరూ అడగకపోతే రెండోసారి పోటు ఇంకాస్త గట్టిగా పడుతుంది. జట్టు తన వెనక లేదని కీపర్‌కి అనిపించిన రోజున అతను గోల్ వదిలి ముందుకు రావడానికి జంకుతాడు. ఆ జంకు నేరుగా ఆట మీద పడుతుంది. ఇంతవరకూ ఆ వాదనతో పేచీ పెట్టుకోవలసిన పనిలేదు. కీపర్‌కి అండగా నిలబడాలా వద్దా అని అడిగితే, నిలబడే తీరాలి. తేలవలసింది ఎప్పుడు, ఎలా, ఎవరి ఖర్చు మీద అన్నదే.

ఖర్చు అన్న మాట ఊరికే వాడింది కాదు. ఎన్‌హెచ్‌ఎల్‌లో ఇద్దరు ఆటగాళ్లు ఇష్టపడి కొట్టుకుంటే ఇద్దరికీ 5 నిమిషాల చొప్పున శిక్ష. రెండు వైపులా ఒక్కొక్కరు బయటికి పోతారు కాబట్టి మంచు మీద బలం సమానంగానే ఉంటుంది. కానీ గొడవ మొదలుపెట్టింది ఒకడే అని రెఫరీ నిర్ణయిస్తే, అతనికి ఆ 5 నిమిషాలకు తోడు మరో 2 నిమిషాల శిక్ష, దాని మీద 10 నిమిషాల మిస్‌కండక్ట్ (దుష్ప్రవర్తన శిక్ష) పడతాయి. కీపర్‌ని గుద్దినవాడి మీదికి పరుగెత్తుకెళ్లి కలబడే ఆటగాడు చాలాసార్లు సరిగ్గా ఈ నిబంధన కిందికే వస్తాడు. ఇద్దరు కొట్టుకుంటుండగా మూడోవాడు దూరితే మ్యాచ్ నుంచే పంపేస్తారు. బెంచీ మీద నుంచి లేచి గొడవకు మొదట దిగినవాడికి 10 మ్యాచ్‌ల సస్పెన్షన్.

ఆ అదనపు 2 నిమిషాలు జట్టు ఒక మనిషి తక్కువతో ఆడాలి. ఎదుటి జట్టుకు దొరికే ఈ అవకాశాన్నే పవర్ ప్లే అంటారు. ఎన్‌హెచ్‌ఎల్‌లో దాదాపు ప్రతి ఐదు పవర్ ప్లేల్లో ఒకదానిలో గోల్ పడుతుంది. ఆ 2 నిమిషాలూ ఒత్తిడి పడేది కొట్టినవాడి మీద కాదు. వాడు శిక్ష గదిలో కూర్చుని నీళ్లు తాగుతుంటాడు. షాట్లన్నీ ఎదుర్కొనేది ఎవరి కోసం గొడవ జరిగిందో ఆ గోల్‌కీపరే. అప్పుడే దెబ్బతిని లేచిన మనిషి, మామూలుకంటే ఎక్కువ షాట్లకు, ఒక డిఫెండర్ తక్కువగా నిలబడాలి. ఈ వ్యవహారంలో అందరూ దాటేసే సంగతి ఇదే. ప్రేక్షకుల కోపం చల్లారింది, ఆటగాడి పౌరుషం నిలిచింది. బిల్లు మాత్రం కీపర్ చేతికి వచ్చింది.

కొట్టిన దెబ్బకు భయపడి ఎదుటివాళ్లు మళ్లీ ఆ పని చేయరు కదా అనేది తర్వాతి వాదన. మిల్లర్ ఉదంతం దీన్నీ పరీక్షించింది. నవంబరు 23న రెండు జట్లూ బఫలోలో మళ్లీ తలపడ్డాయి. ఆట మొదలైన కాసేపటికే బఫలో ఆటగాడు పాల్ గాస్టాడ్ గ్లవ్స్ తీసి లూచిచ్‌తో కలబడ్డాడు. లూచిచ్ కూడా సై అన్నాడు. పదకొండు రోజుల నాటి బాకీ తీరిందని హాల్లో చప్పట్లు మోగాయి. డిసెంబరు 3న నాష్‌విల్ ఆటగాడు జోర్డిన్ టూటూ గోల్ వైపు దూసుకొచ్చి అదే మిల్లర్‌ను ఢీకొట్టాడు. జట్టు వేరు, ఆటగాడు వేరు, నిజమే. కానీ ముష్టిఘాతం పంపిన హెచ్చరిక పది రోజులు గడిచేసరికి పక్క జట్టు దాకా కూడా చేరలేదు. ఈసారి రెఫరీ టూటూను మ్యాచ్ నుంచి పంపేశాడు, లీగ్ 2 మ్యాచ్‌ల సస్పెన్షన్ వేసింది. లూచిచ్‌కు కూడా నవంబరులోనే ఇలా జరిగి ఉంటే గాస్టాడ్‌కు ఆ పని పడేదే కాదు.

నిజానికి తగువు ఉన్నది ఇక్కడే. గోల్ ముందు నీలం రంగు వేసిన క్రీజ్ దాటి బయటికి వచ్చినంత మాత్రాన గోల్‌కీపర్‌ను గుద్దే హక్కు ఎవరికీ రాదని ఎన్‌హెచ్‌ఎల్ నిబంధనల పుస్తకంలోనే ఉంది. నిబంధన ఉండీ అమలు కాని చోట ఆటగాళ్లు చేతులకు పని చెబుతారు. లీగ్ గట్టిగా ఉన్నచోట చెప్పాల్సిన అవసరం తగ్గుతుంది. 2015-16 సీజన్ నుంచి కీపర్‌ను అడ్డుకుని వేసిన గోల్‌ను వీడియో చూసి రద్దు చేయమని కోచ్‌లు అడగవచ్చు. మీద పడి సాధించిన గోల్ లెక్కలోంచి ఎగిరిపోతుందని తెలిశాక మీద పడాలన్న ఆశ కొంతైనా చావదా? కొట్లాటలు కూడా తగ్గుముఖం పట్టాయి. 2008-09 సీజన్‌లో 700కు పైగా ఉన్నవి పదేళ్లకు సుమారు మూడో వంతుకు వచ్చాయి. కెనడాలోని క్యూబెక్ జూనియర్ లీగ్ 2023-24 నుంచి కొట్లాటను పూర్తిగా నిషేధించి, కొట్టుకున్నవాళ్లను మ్యాచ్ నుంచి పంపేస్తోంది.

ఈ మార్పుకు వెనక కొన్ని మరణాలున్నాయి. వాటిని చెప్పకుండా పౌరుషం గురించి మాట్లాడటం తప్పు. 2009 జనవరిలో డాన్ శాండర్సన్ అనే 21 ఏళ్ల కెనడా ఆటగాడు చనిపోయాడు. అంతకుముందు ఓ మ్యాచ్‌లో కొట్లాట మధ్య హెల్మెట్ ఊడి, పడిపోయి అతని తల మంచుకు కొట్టుకుంది. 2011 మేలో డెరెక్ బూగార్డ్ 28 ఏళ్లకే కన్నుమూశాడు. మద్యం, నొప్పి మాత్రలు కలిసి ప్రాణం తీశాయి. సహచరులను కాపాడేందుకు కొట్లాడటమే అతని ఉద్యోగం, అలాంటివాళ్లను ఎన్‌ఫోర్సర్లు అంటారు. తలకు పదే పదే తగిలిన దెబ్బలతో వచ్చే మెదడు జబ్బు అతనికి ముదిరి ఉందని చనిపోయాక పరీక్షలో తేలింది. అదే ఏడాది ఆగస్టులో అదే పని చేసిన మరో ఇద్దరు, రిక్ రిపియన్, వేడ్ బెలాక్ కూడా పోయారు. కీపర్‌కి అండగా ఎవరో ఒకరు నిలబడాలి అన్నప్పుడు, ఆ ‘ఎవరో ఒకరు’ కూడా ఒక ఇంటి బిడ్డే.

మన దగ్గర ఆడేది మైదానపు హాకీ. ఇక్కడ లెక్క మరింత తేలిక. ఐస్ హాకీలో భుజంతో ఢీకొట్టడం ఆటలో భాగం. మైదానపు హాకీలో ఒంటిని తాకించడమే తప్పు. అక్కడ కొట్టుకునేవాళ్లు స్టిక్ కింద పడేసి చేతులతో దిగుతారు, అదైనా ఒక కట్టుబాటు. ఇక్కడ గొడవ మొదలయ్యేసరికి స్టిక్ చేతిలోనే ఉంటుంది, కోపంలో దాన్ని కింద పెట్టాలని ఎవరికీ తోచదు. 2019 నవంబరులో ఢిల్లీలో నెహ్రూ కప్ ఫైనల్లో పెద్ద జట్ల ఆటగాళ్లే స్టిక్‌లతో కొట్టుకున్నారు. హాకీ ఇండియా 11 మందిని సస్పెండ్ చేయాల్సి వచ్చింది. ఏళ్ల తరబడి శిక్షణ పొందినవాళ్ల సంగతే అలా ఉంటే, హైస్కూలు పిల్లల చేతుల్లో స్టిక్ ఏమవుతుందో వేరే చెప్పాలా?

కార్డుల సంగతీ చూడాలి. గ్రీన్ కార్డుకు 2 నిమిషాలు, ఎల్లో కార్డుకు కనీసం 5 నిమిషాలు జట్టు పది మందితో ఆడాలి. రెడ్ పడితే మ్యాచ్ అయ్యేదాకా అంతే. పారిస్ ఒలింపిక్స్‌లో 2024 ఆగస్టు 4న బ్రిటన్‌తో క్వార్టర్ ఫైనల్లో అమిత్ రోహిదాస్‌కు 17వ నిమిషంలోనే రెడ్ కార్డు వచ్చింది. బంతితో ముందుకు పోతూండగా అతని స్టిక్ ఎదుటి ఆటగాడి తలకు తగిలింది. అది పగతో చేసిన పని కాదని నమ్మేవాళ్లే ఇక్కడ ఎక్కువ. కానీ ఒక మనిషి తగ్గితే ఆ భారం ఎవరి మీద పడుతుందో ఆ రోజు దేశమంతా చూసింది. మిగిలిన 43 నిమిషాలూ భారత్ పది మందితో ఆడింది. గోల్ ముందు పి.ఆర్. శ్రీజేష్ ఒక్కడే గోడలా నిలబడాల్సి వచ్చింది. 1-1తో ముగిసిన మ్యాచ్‌ను షూటౌట్‌లో 4-2తో గెలిచాం. శ్రీజేష్ లాంటివాడు ఉన్నాడు కాబట్టి గట్టెక్కాం, అంతే. రోహిదాస్ మీద ఒక మ్యాచ్ నిషేధం పడి సెమీఫైనల్‌కు దూరమయ్యాడు. జర్మనీ చేతిలో 3-2తో ఓడిపోయాం.

రోహిదాస్ పేరు ఇక్కడ ఎత్తడానికి ఇంకో కారణం ఉంది. గోల్‌కీపర్ కోసం ఒళ్లు అడ్డం పెట్టడం అంటే ఏమిటో అతన్ని చూసి నేర్చుకోవాలి. గోల్ దగ్గర చేసిన తప్పుకు ఎదుటి జట్టుకు పెనాల్టీ కార్నర్ వచ్చినప్పుడు కీపర్‌తో కలిపి ఐదుగురే గోల్ గీత వెనక ఉంటారు. మిగతావాళ్లంతా మైదానం మధ్య గీత అవతలికి పోవాలి. అవతలి ఆటగాడు బంతిని నెట్టీ నెట్టగానే ఆ ఐదుగురిలో ఒకడు గోల్ దగ్గర నుంచి తిన్నగా ఫ్లిక్ వేసేవాడి (స్టిక్‌తో బంతిని ఎత్తి గోల్‌లోకి విసిరేవాడి) మీదికి పరుగు తీస్తాడు. వాణ్నే ఫస్ట్ రషర్ అంటారు. మన జట్టులో ఆ పని రోహిదాస్‌ది. సుమారు 160 గ్రాముల గట్టి బంతి, గంటకు 100 కిలోమీటర్లు దాటిన వేగం, దానికి ఎదురుగా పరుగు. మొహానికి మాస్క్, చేతికి గ్లవ్, మోకాళ్లకు ప్యాడ్లు, అంతే రక్షణ. బంతి లోపలికి వచ్చి, ఆగి, ఫ్లిక్ అయ్యేదాకా పట్టేది రెండు సెకన్లలోపే. ఆలోపు అతను ఫ్లిక్ కోణాన్ని సగానికి మూసేయాలి. స్టిక్ ఎడమవైపు చాచి ఒక మూలను తాను తీసుకుంటే, రెండో మూలను కీపర్ చూసుకుంటాడు. బంతి అతని మోకాలి కింద తగిలితే మళ్లీ పెనాల్టీ కార్నరే, మళ్లీ పరుగే. 2021 ఆగస్టు 5న టోక్యోలో కాంస్యం కోసం జర్మనీతో ఆడినప్పుడు, ఇంకో కొద్ది సెకన్లలో ఆట ముగుస్తుందనగా జర్మనీకి పెనాల్టీ కార్నర్ వచ్చింది. శ్రీజేష్ ఆపాడు, 5-4తో పతకం దక్కింది. ఫొటోల్లో శ్రీజేష్ ఒక్కడే కనబడతాడు. అతని ముందుకు ఉరికినవాళ్ల పేర్లు ఎంతమందికి గుర్తున్నాయి?

ఐస్ హాకీలోనూ మంచి డిఫెండర్లు చేసేది ఇలాంటి పనే. ప్రత్యర్థి కీపర్ ముందు చూపుకు అడ్డంగా తిష్ట వేయకముందే తన ఒంటితో వాణ్ని పక్కకు నెడతారు, స్టిక్‌ను స్టిక్‌తో పట్టేస్తారు. విజిల్ తర్వాత ఎవడైనా కీపర్ గ్లవ్‌ను పొడిస్తే మధ్యలోకి వచ్చి నిలబడతారు. ఛాతీతో అడ్డుకుంటారు, నాలుగు మాటలంటారు. చాలాసార్లు రెఫరీ చూసీ చూడనట్టు ఊరుకుంటాడు. శిక్ష వేసినా ఇద్దరికీ కలిపి వేస్తాడు కాబట్టి కీపర్ మీద అదనపు భారం పడదు. కీపర్‌కి ఆ సమయంలో కావలసింది కూడా అదే. తన పక్కన తనవాడొకడు నిలబడ్డాడన్న ధీమా. దానికి పిడికిలి ఎత్తక్కర్లేదు. 2011 నవంబరులో బఫలో ఆటగాళ్లు చేయవలసింది ఇంతే, ఇంతమాత్రం కూడా చేయలేదన్నదే వాళ్ల తప్పు. ఐదుగురూ వచ్చి మిల్లర్ చుట్టూ నిలబడి ఉంటే కోచ్‌కు ఆ మాట అనే పని ఉండేది కాదు.

నెల్లూరు ఏసీ సుబ్బారెడ్డి స్టేడియంలోగానీ ఒంగోలు, కావలి, కందుకూరు స్కూలు గ్రౌండుల్లోగానీ పిల్లలకు ఆట నేర్పేవాళ్లు దీన్ని ఇక్కడి పరిస్థితికి తగ్గట్టు మలుచుకోవాలి. ఆస్ట్రోటర్ఫ్ మీద ఆడాలంటే కాకినాడ లాంటి చోటికి పోవాలి, మట్టి గ్రౌండే మనకు దిక్కు. మట్టి మీద బంతి సాఫీగా రాదు. చిన్న రాయి తగిలినా ఎగిరి మొహం మీదికి వస్తుంది. దానికి తోడు కీపర్ కిట్ పూర్తిగా కొనాలంటే వేలల్లో మాట. హెల్మెట్ ఉంటే పాదాలకు కట్టే కిక్కర్లు ఉండవు, కిక్కర్లు ఉంటే ఛాతీకి రక్షణ ఉండదు. ఇలాంటి చోట కీపర్‌కి ఎక్కువ ప్రమాదం తెచ్చేది ప్రత్యర్థి దురుసుతనం కంటే సొంతవాళ్ల అశ్రద్ధే. 1959 నవంబరు 1న న్యూయార్క్‌లో మాంట్రియల్ గోల్‌కీపర్ జాక్ ప్లాంట్ మొహానికి పక్ తగిలి చీరుకుపోయింది. కుట్లు వేయించుకుని, మాస్క్ పెట్టుకోనిస్తేనే ఆడతానని పట్టుబట్టి మళ్లీ మంచు మీదికి వచ్చాడు. అప్పటిదాకా మాస్క్ అంటే కోచ్‌కు గిట్టేది కాదు. ఆ తర్వాత కొన్నేళ్లకు మాస్క్ లేని కీపరే కనబడకుండా పోయాడు. అన్నేళ్ల కొట్లాటలు కాపాడలేని మొహాలను ఆ మాస్క్ కాపాడింది.

ఉమ్మడి చిత్తూరు జిల్లా పల్లె నుంచి వచ్చి భారత మహిళల జట్టుకు గోల్‌కీపర్‌గా ఆడిన ఎతిమరపు రజనిని చూసి కీపర్ కావాలనుకునే అమ్మాయి మన జిల్లాల్లోనూ ఉండవచ్చు. ఆమె స్కూల్లో కిట్ లేకపోతే, ఆమె కోసం తగువులాడే పది మంది ఉన్నా ఉపయోగం లేదు. ఊళ్లలో సంక్రాంతి పోటీలకు చందాలు వేసి కప్పులు, ఫ్లెక్సీలు తెచ్చేవాళ్లు ఒక ఏడాది ఆ డబ్బుతో ఒక హెల్మెట్, ఒక జత లెగ్‌గార్డులు కొనివ్వవచ్చు.

మ్యాచ్‌లో కీపర్‌ని ఎవరైనా కావాలని తోసినప్పుడు చేయవలసిన పని అప్పటికప్పుడు ఆలోచించేది కాదు, ముందే సాధన చేయించాలి. దగ్గరున్న ఇద్దరు డిఫెండర్లు స్టిక్‌లు కిందికి దించి కీపర్‌కీ ఎదుటివాడికీ మధ్య నిలబడాలి. మూడోవాడు కీపర్‌ని పలకరించి, తలకు దెబ్బ తగిలిందేమో చూసి, అనుమానం ఉంటే ఆట ఆపమనాలి. అంపైర్‌తో మాట్లాడేది కెప్టెన్ ఒక్కడే. జట్టులో అందరి ప్రవర్తనకూ కెప్టెన్‌దే బాధ్యత అని హాకీ నిబంధనలే చెబుతున్నాయి. అంపైర్ కార్డు తీయకపోతే మ్యాచ్ అయ్యాక పీఈటీ సారు నిర్వాహకులకు కాగితం మీద రాసివ్వాలి, ఎందుకంటే నోటి మాటకు మర్నాటికి విలువ ఉండదు. నిర్వాహకులు కూడా టోర్నమెంటు మొదలుకాకముందే, కీపర్ మీద పడినవాడికి తర్వాతి మ్యాచ్ ఉండదని అన్ని జట్ల ముందూ చెప్పేయాలి. చెప్పినట్టే ఒకసారి అమలు చేసి చూపిస్తే పిల్లలకు అర్థమవుతుంది.

ఇక ఫస్ట్ రషర్‌గా పిల్లల్ని పంపే విషయంలో కోచ్‌లు తొందరపడకూడదు. మాస్క్ లేకుండా ఎవరినీ ఫ్లిక్‌కు ఎదురు పంపకూడదు. రెండు జట్లకూ కలిపి ఒకటి రెండు మాస్కులే ఉంటే, పెనాల్టీ కార్నర్ వచ్చినప్పుడల్లా రక్షణ జట్టు వాటినే వాడుకునేలా ముందే మాట్లాడుకోవాలి. అవీ లేని చిన్నపిల్లల మ్యాచ్‌ల్లో, ఫ్లిక్ అయినా సరే బంతి గోల్ అడుగు పలక ఎత్తు, అంటే 46 సెంటీమీటర్లు, దాటకూడదని ఇద్దరు కోచ్‌లూ అంపైర్ ఎదుట ఒప్పందానికి రావడం మేలు.